మేధోవైకల్యం ఉన్న అబ్బాయికి శీతాకాల క్రీడల్లో దారి ఉందా?

మాది విశాఖపట్నం. మేధోవైకల్యం ఉన్న మా అబ్బాయి ఉడా పార్కు రింకులో ఏడేళ్లుగా రోలర్ స్కేటింగ్ సాధన చేస్తున్నాడు. బూట్ల లేసులు ఇప్పటికీ నేనే కట్టాలి గానీ, చక్రాల మీద నిలబడ్డాక మలుపులో వాడి నడుము వంగే తీరు చూసి కొత్త కోచ్‌లు సైతం ఆగిపోతారు.

స్పెషల్ ఒలింపిక్స్ గురించి నాకు తెలుసు. 2025లో ట్యూరిన్‌లో జరిగిన శీతాకాల క్రీడలకు మన దేశపు బృందం కూడా వెళ్లింది. నేను అడుగుతున్నది పారాలింపిక్స్ స్థాయి పోటీల గురించి. 1998 నాగానోలో ఇటువంటి క్రీడాకారులకు క్రాస్ కంట్రీ స్కీయింగ్ ఉండేది. 2000 సిడ్నీలో వైకల్యం లేనివారిని స్పెయిన్ బాస్కెట్‌బాల్ జట్టులో ఆడించిన మోసం బయటపడ్డాక ఈ విభాగాన్నే పక్కనపెట్టారు. (తప్పు ఎవరిదో, శిక్ష ఎవరికో!) 2012 లండన్‌లో అథ్లెటిక్స్, ఈత, టేబుల్ టెన్నిస్‌లలో తిరిగి చోటిచ్చినా, శీతాకాల పారాలింపిక్స్ తలుపు మాత్రం ఇంకా తెరుచుకోలేదు.

ఈ క్రీడాకారుల అంతర్జాతీయ సమాఖ్య అయిన విర్టస్ నిర్వహించే స్కీ పోటీలకు మన దేశం నుంచి అర్హత పొందాలంటే, ఐక్యూ నివేదికతో పాటు రోజువారీ జీవన సామర్థ్యానికి సంబంధించిన ఏ పత్రాలు, ఎవరి ద్వారా పంపాలో అనుభవమున్నవారు దయచేసి తెలియజేయగలరు. రోలర్ స్కేటింగ్ నుంచి మంచు మీదికి మారిన పిల్లల తల్లిదండ్రులు ఎవరైనా ఉంటే, మొదటి శిక్షణ ఎక్కడ ఇప్పించారో కూడా చెప్పగలరా?