అమ్మానాన్నలతో కలిసి ఇంట్లో చూడదగ్గ పాత విదేశీ సినిమాలు చెప్పండి

తెనాలి అమ్మాయి:
అందరికీ నమస్తే. నాన్నగారు రిటైరయ్యాక అమ్మా ఆయనా హైదరాబాద్‌లో మా దగ్గరే ఉంటున్నారు. రాత్రి భోజనాలయ్యాక ముగ్గురం టీవీ ముందు కూర్చుంటాం. పాత తెలుగు సినిమాలన్నీ ఇద్దరికీ కంఠతా వచ్చు, డైలాగు రాకముందే అమ్మ అందుకుంటుంది. నాకేమో కాలేజీ రోజుల నుంచి జపాన్, ఇటలీ, ఇరాన్ సినిమాలంటే ప్రాణం. ఇన్నాళ్లూ ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఒక్కదాన్నే చూసుకున్నాను. ఇప్పుడు వాళ్లకీ చూపించాలని ఉంది.

ఇబ్బంది ఏమిటంటే అమ్మ ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ అంత వేగంగా చదవలేదు. ఈ పాత సినిమాలకి తెలుగు సబ్‌టైటిల్స్ నాకెక్కడా కనబడలేదు. పైగా మొన్న బాగా పేరున్న సినిమా ఒకటి పెడితే, పది నిమిషాలకే నాన్నగారు లేచి బాల్కనీలోకి వెళ్లిపోయారు. రక్తపాతం, పడకగది సీన్లు లేకుండా మనసుకి పట్టేవి కావాలి. జాబితాలు నెట్ నిండా ఉన్నాయండీ, పెద్దవాళ్లతో కూర్చుని చూసినవాళ్లు చెబితే వినాలని ఉంది.

సెకండ్ షో:
చదవడమే సమస్య అయితే చాప్లిన్‌తో మొదలుపెట్టండి. ‘సిటీ లైట్స్’ 1931లో వచ్చింది. అప్పటికి టాకీలు వచ్చేశాయి, అయినా ఆయన మాటల్లేకుండానే తీశాడు. మధ్యలో వచ్చే కార్డులు కొన్నే, అవి మీరు చదివిపెట్టొచ్చు. బాక్సింగ్ సీన్‌కి నవ్వని మనిషిని నేను చూడలేదు. చివర్లో చూపు వచ్చిన పూలమ్మాయి అతని చెయ్యి తాకి గుర్తుపట్టే చోట మీ అమ్మగారికి ఎవరూ ఏమీ వివరించక్కర్లేదు.

ఆ తర్వాత ఇరాన్ దర్శకుడు కియరోస్తమీ తీసిన ‘వేర్ ఈజ్ ద ఫ్రెండ్స్ హౌస్?’, 1987. పొరపాటున తన సంచిలోకి వచ్చిన స్నేహితుడి నోట్‌బుక్ తిరిగిచ్చెయ్యడానికి ఒక పిల్లాడు పక్క ఊరికి పరుగెత్తడం, కథంతా అదే. ఆ నోట్‌బుక్‌లో హోంవర్క్ రాయకపోతే మర్నాడు స్నేహితుణ్ణి బడి నుంచి పంపేస్తారు. ఇంట్లో తల్లికి చెబుదామంటే ఆవిడ బట్టలుతుకుతూ, చంటిబిడ్డని చూసుకుంటూ ‘ముందు హోంవర్క్ చెయ్యి’ అంటూనే ఉంటుంది. పిల్లాడి మాట పెద్దవాళ్లు దాదాపు ఎవరూ వినరు. మాటలు తక్కువ, ఆ పిల్లాడి మొహమే కథ చెబుతుంది.

గోదారిగట్టు:
తెనాలి అమ్మాయి గారూ, మా అత్తగారితో ఇలా చాలా సినిమాలు చూశాను. నా ఓటు జపాన్ దర్శకుడు ఓజు తీసిన ‘టోక్యో స్టోరీ’కి, 1953. నిదానంగా నడుస్తుందని దాన్ని చివరికి నెట్టేస్తారు. నిజానికి పెద్దవాళ్లకే అది ఇట్టే అర్థమవుతుంది.

ఒనొమిచి అనే సముద్రం ఒడ్డు ఊళ్లో ఉండే ముసలి దంపతులు, పిల్లల్ని చూడ్డానికి టోక్యో ప్రయాణమవుతారు. మొదటి సీన్లో సంచులు సర్దుకుంటూ ఉంటారు. గాలిదిండు కనబడదు. ‘నీకే ఇచ్చాను కదా’ అంటాడాయన, ‘నా దగ్గర లేదు’ అంటుందావిడ. వెతగ్గా వెతగ్గా ఆయన దగ్గరే దొరుకుతుంది. అంతే సీను. మా అత్తగారు వెంటనే ‘మీ మామగారూ అంతే’ అన్నారు. అక్కడి నుంచి ఆవిడకి అది జపాన్ సినిమా కాదు.

సబ్‌టైటిల్స్‌కి నేను చేసే పని చెబుతాను. ప్రతి లైనూ చదవను. సారాంశం మామూలు గొంతుతో చెబుతాను, ఏడుపూ కోపమూ వాళ్ల గొంతుల్లోనే వినబడుతూ ఉంటాయి. రిమోట్ నా చేతిలో ఉంటుంది, ఎక్కువ మాటలున్న చోట ఆపుతాను. జపాన్ పేర్లు అసలు పలకను. పెద్దాయన, పెద్దావిడ, డాక్టరు కొడుకు, పార్లర్ కూతురు, చిన్న కోడలు అంటే చాలు. సినిమా రెండుంపావు గంటలకి కాస్త పైనే, కాబట్టి రెండు రాత్రులుగా చూడండి. ముసలివాళ్లు టోక్యో నుంచి తిరుగు రైలెక్కే చోట ఆపితే సరిగ్గా ఉంటుంది.

ఇంకో విషయం. పెద్దాయనగా వేసిన చిషూ ర్యూకి అప్పటికి యాభై కూడా నిండలేదు. ఆ వంగిన వీపు, ప్రతి మాటకీ ‘ఊఁ’ అంటూ తలాడించడం చూస్తే నమ్మలేం. సెత్సుకో హారా వేసిన చిన్న కోడలిది ఒకే గది. భర్త యుద్ధంలో పోయి ఎనిమిదేళ్లయింది. అత్తామామలు వస్తే మందు కోసం పక్కింటికి పరుగెత్తి, సీసా అడిగి తెచ్చి పోస్తుంది. సొంత పిల్లలు ఆ మాత్రం చెయ్యరు. ఆ గదిలో ఆ అమ్మాయి విసనకర్రతో వాళ్లకి విసురుతుంటే చూడండి, మనకే చల్లగా ఉంటుంది.

సెకండ్ షో:
గోదారిగట్టు గారూ, అది గొప్ప సినిమా, కాదనను. కానీ ఇక్కడ వద్దంటాను. పిల్లల ఇంటికి వచ్చిన తల్లిదండ్రులు బరువైపోయిన కథ అది. ఉంచుకునే తీరిక లేక అతామీ అనే సముద్రం ఒడ్డు ఊళ్లో హోటల్‌కి పంపించేస్తారు. అక్కడ రాత్రంతా గోలకి నిద్ర పట్టక, పొద్దున్నే ఇద్దరూ సముద్రపు గోడ మీద కూర్చుంటారు. తెనాలి నుంచి ఇల్లు వదిలి కూతురి దగ్గరికి వచ్చినవాళ్లకి ఆ సీను చూపిస్తారా? మనసులో ఏ మూలనో ఉన్న బెంగని మనమే తవ్వి తీసినట్టవుతుంది. నాన్నగారు పైకి అనకపోవచ్చు, ఆ రాత్రి నిద్రపోరు.

గోదారిగట్టు:
ఆ భయం నాకూ ఉండేది. అత్తగారు మా దగ్గరే ఉంటారు మరి. ఏం జరిగిందో చెబుతాను.

పార్లర్ కూతురి భర్త అత్తామామల కోసం కేకులు తెస్తాడు. ‘వాళ్లకి ఇంత ఖరీదైనవి ఎందుకు’ అంటుందా కూతురు. నాకు ఒళ్లు మండిపోయింది, ఎంత కటిక మనసో అన్నాను. అత్తగారు ఒప్పుకోలేదు. ఆవిడ రాజమండ్రిలో ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుని పిల్లల్ని చదివించిన మనిషి. ‘దాన్నేమీ అనకు. తెల్లారితే గుమ్మంలో బేరం ఉంటుంది దానికి. పెళ్లిళ్ల రోజుల్లో మా అమ్మ వస్తే నేనూ ఒక్క పూట పక్కన కూర్చోలేదు, ఒళ్లో జాకెట్లు ఉండేవి. అమ్మకి ఆ సంగతి తెలుసు’ అన్నారు.

మనం ఆ సినిమాని పిల్లల వైపు నుంచి చూస్తాం కాబట్టి తప్పు చేసినట్టు కుమిలిపోతాం. వాళ్లు పెంచిన వైపు నుంచి చూస్తారు. తెర మీద ఆ ముసలి దంపతులు కూడా అదే చేస్తారు, మన పిల్లలు చాలామంది కంటే నయమే అని ఒకరికొకరు చెప్పుకుంటారు. ఓజు ఎవర్నీ దోషిగా నిలబెట్టలేదు. కెమెరాని కూడా చాప మీద కూర్చున్న మనిషి కంటి ఎత్తులో పెట్టి, వాళ్ల మధ్యే కూర్చోబెడతాడు మనల్ని. అంత మర్యాదగా తీసిన సినిమా పెద్దవాళ్లని గాయపరుస్తుందని నేననుకోను. వాళ్లు మనకంటే గట్టివాళ్లు.

ఒక్క జాగ్రత్త చెబుతాను. మీ ఇంట్లో ఈమధ్య ఎవరైనా పోయి ఉంటే మటుకు ఇప్పుడొద్దు. చివరి భాగంలో పెద్దావిడ పోతుంది. అంత్యక్రియల భోజనాల దగ్గరే కూతురు అమ్మ బట్టలు అడుగుతుంది.

మంజీర:
ఇద్దరూ చెప్పింది బాగుంది. పేరున్నదని కాకుండా మీ ఇంటి పరిస్థితి చూసి ఎంచుకోండి. మీ నాన్నగారు పెన్షన్ మీద ఉన్నారు కాబట్టి ఇటలీ దర్శకుడు డి సీకా తీసిన ‘ఉంబెర్తో డి’ నా సిఫార్సు. 1952, రోమ్ నగరం, అద్దె బకాయి పడిన రిటైర్డ్ ఉద్యోగి, తోడుగా ఫ్లైక్ అనే కుక్క. హీరోగా వేసిన కార్లో బత్తిస్తి నటుడు కాదు, భాషాశాస్త్రం చెప్పే ప్రొఫెసర్.

రెండు చోట్లు చూసి తీరాలి. ఒకటి, ఆయన అడుక్కోవడానికి చెయ్యి చాపుతాడు. ఒకాయన డబ్బు తీసేలోపు, చినుకులు పడుతున్నాయేమో చూస్తున్నట్టు చెయ్యి తిప్పేస్తాడు. నెలాఖరు తెలిసిన ఎవరికైనా గొంతులో పట్టేస్తుంది. రెండోది, పనమ్మాయి తెల్లవారి వంటింట్లోకి రావడం. పొయ్యి వెలిగిస్తుంది, గోడ మీది చీమల్ని నీళ్లతో కడిగేస్తుంది, కూర్చుని కాఫీ గింజలు మర పడుతూ కాలు చాపి బొటనవేలితో తలుపు మూస్తుంది. కళ్లలో నీళ్లు. పెళ్లి కాకుండా గర్భవతి అయింది. ఒక్క మాట ఉండదు. మీ అమ్మగారికి ఇక్కడ సబ్‌టైటిల్ అవసరమే లేదు.

అసలు సబ్‌టైటిల్స్ గొడవ లేనిది ఒకటుంది, మృణాల్ సేన్ 1977లో మన తెలుగులోనే తీసిన ‘ఒక ఊరి కథ’. ప్రేమ్‌చంద్ కథ ‘కఫన్’ ఆధారం. బెంగాలీ దర్శకుడు మన ఊళ్ల ఆకలిని తెలుగులో తీసి పెట్టాడు, మనవాళ్లలోనే చూసినవాళ్లు తక్కువ. నాకు అది బాధ. కాకపోతే చాలా కఠినంగా ఉంటుంది, కాన్పు కష్టమై కోడలు చనిపోతుంది. మొదటి వారమే పెట్టకండి.

తెనాలి అమ్మాయి:
అందరికీ ధన్యవాదాలు. నాన్నగారికి విషయం ముందే చెప్పి, చూస్తారా అని అడిగాను. ‘మేము చూడలేని బాధలేమున్నాయే, పెట్టు’ అన్నారు. నిన్న రాత్రి ‘టోక్యో స్టోరీ’ సగం అయింది. గోదారిగట్టు గారు చెప్పినట్టే పేర్లు పలకలేదు. మనవడితో గడ్డి మీదికి షికారుకెళ్లి, నువ్వు డాక్టరయ్యేనాటికి నేనుంటానో లేదో అని పెద్దావిడ అనే దగ్గర అమ్మ నన్ను ఆపమని, ఆ ముక్క మళ్లీ పెట్టించుకుంది. నాన్నగారైతే ఆ ముసలివాళ్ల ఊరు మ్యాప్‌లో చూపించమన్నారు. సముద్రపు గోడ సీన్ దగ్గర నేనే బిగుసుకుపోయాను. వాళ్లిద్దరూ ఆ హోటల్ వాళ్లని తిట్టుకున్నారు.

మంజీర గారూ, ‘ఉంబెర్తో డి’ వచ్చే శనివారం అనుకుంటున్నాం. కుక్కకి ఏమీ కాదు కదా? అమ్మ ఇదొక్కటీ ముందే కనుక్కోమంది.

మంజీర:
ఏమీ కాదండీ. చివర్లో రైలు పట్టాల దగ్గర కాసేపు టెన్షన్ పడతారు, అంతే. ధైర్యంగా పెట్టండి.