గ్లెన్‌కో జలపాతం దగ్గర అమ్మానాన్నలకు ఫోటో: వాన రోజు వెళ్ళొచ్చా?

ఖమ్మం టు గ్లాస్గో:
అందరికీ నమస్కారం. అమ్మానాన్న ఖమ్మం నుంచి వచ్చారు. శనివారం అద్దె కారులో స్కాట్లాండ్ కొండల్లోని గ్లెన్‌కో లోయకు వెళ్దామనుకుంటున్నాం. అక్కడ మూడు ఏర్లు కలిసే చోట ఉన్న జలపాతం ముందు ఇద్దరినీ నిలబెట్టి ఒక మంచి ఫోటో తీయాలని నా ఆశ. అమ్మకు మోకాళ్ళ నొప్పి, ఎక్కువ నడవలేదు. నా దగ్గర పాత కెమెరా, 18-55 లెన్స్, ట్రైపాడ్ ఉన్నాయి. శనివారం వాన అంటున్నారు, టెన్షన్‌గా ఉంది. ఇంకో వారానికి మార్చుకోమంటారా?

లీడ్స్ వాసి:
మార్చుకోండి. వానలో పెద్దవాళ్ళకు ఇబ్బంది. టూర్ బస్సు మాత్రం వద్దు. మమ్మల్ని పది నిమిషాలు దింపి, కెమెరా బ్యాగు జిప్పు తీసేలోపే ఎక్కమన్నారు.

స్టిర్లింగ్ శీను:
అస్సలు మార్చకు తమ్ముడూ. నేను మొదటిసారి మే నెలాఖరులో వెళ్ళాను. ఎండ బ్రహ్మాండంగా ఉంది, జలపాతం మాత్రం మా పొలంలో పంపుసెట్టు ధారంత కూడా లేదు. తర్వాత నవంబరులో, రాత్రంతా వాన కురిసిన మర్నాడు వెళ్తే కొండ చీలికల్లో ఎక్కడ చూసినా తెల్లటి గీతలే. ఆ లోయకు వానే అందం.

నడక భయం లేదు. జలపాతం ఏ82 రోడ్డు పక్కనే ఉంటుంది. కానీ కార్లు 60 మైళ్ళ వేగంతో పోతుంటాయి, రోడ్డు మీద నిలబడి ఫోటోలు వద్దు. బండరాళ్ళు పాచి పట్టి ఉంటాయి, అమ్మగారిని కిందికి దింపకు. ఇంకో మాట, వెనక పిరమిడ్‌లాంటి శిఖరం, ముందు చిన్న జలపాతం ఉండే ఫోటో చూసి వెళ్తున్నావేమో! అది ఇది కాదు. అది బుకేల్ ఎటివ్ మోర్ కొండ, గ్లెన్ ఎటివ్ రోడ్డు మొదట్లో, కూపల్ ఏటి మీద. గ్లాస్గో నుంచి వచ్చేవాళ్ళకు అదే ముందు తగులుతుంది.

దట్టంగా మబ్బు పడితే ఎన్‌డీ ఫిల్టర్ (లెన్స్‌లోకి వెలుగు తగ్గించే నల్లద్దం) కూడా అక్కర్లేకపోవచ్చు. ట్రైపాడ్ మీద ఐఎస్‌ఓ 100, ఎఫ్/22, షట్టర్ అర సెకను దగ్గర పెట్టి చూడు, నీళ్ళు నురగలా వస్తాయి. మనుషులుంటే మాత్రం షట్టర్ 1/125 సెకనుకి వచ్చెయ్, లేకపోతే మొహాలు చెదురుతాయి. రెండూ విడివిడిగా తియ్యి. ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలు తువ్వాలు ఒకటి జేబులో ఉంచుకో. నేను ఉంచుకోలేదు. ఇంటికొచ్చి చూస్తే 30 ఫోటోల్లోనూ మా ఆవిడ నుదుటి మీద ఒకే చోట మసక బొట్టు. లెన్స్ మీద చినుకు!

ఖమ్మం టు గ్లాస్గో:
థాంక్స్ అన్నా. ఆ లోయలో ఏదో ఊచకోత జరిగిందట కదా అని నాన్న అడుగుతున్నారు.

స్టిర్లింగ్ శీను:
1692 ఫిబ్రవరి 13. రాజు విలియంకు విధేయత ప్రమాణం చేయడంలో ఆ లోయలో ఉండే మెక్‌డోనల్డ్ తెగ పెద్ద కొద్ది రోజులు ఆలస్యం చేశాడు, అంతే. సైనికులు వాళ్ళ ఇళ్ళలోనే దాదాపు రెండు వారాలు అతిథులుగా ఉండి, తిని, తెల్లవారుజామున లేచి 38 మంది దాకా చంపేశారు. మంచులోకి పారిపోయి చలికి చచ్చినవాళ్ళు వేరే. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే. సైన్యాన్ని నడిపినవాడు క్యాంప్‌బెల్ అనే ఇంకో తెగవాడు. ఆ లోయలోని క్లాకేగ్ ఇన్ అనే హోటల్లో ఇప్పటికీ క్యాంప్‌బెల్‌లకు ప్రవేశం లేదని సరదాకి బోర్డు ఉంటుంది. నాన్నగారికి చూపించు.

ఖమ్మం టు గ్లాస్గో:
వెళ్ళొచ్చాం! వాన దంచికొట్టింది. నాన్న గొడుగు గాలికి తిరగబడింది. తువ్వాలు అరగంటలో ముద్దయింది. అమ్మ కారు అద్దం దించి చూసి, "ఇంతోటిదానికి ఇంత దూరమా, మన బొగత దీనికి పదింతలు" అంది. అయినా రెండు నిమిషాలు వాన తెరిపిస్తే తనే దిగి, కొంగు సర్దుకుని నిలబడింది. ఫోటోలో కళ్ళు మూసుకుంది. అదే ప్రింట్ తీయిస్తున్నా.