చంకల్లో ఐపీఎల్ మధ్యలో ఆపేశాను, మళ్లీ ఎలా మొదలుపెట్టాలి?

మిర్యాలగూడ_చిన్ని:
ఇంట్లో వాడే ఐపీఎల్ మెషీన్‌తో (వెలుగు ఫ్లాష్‌లు కొట్టి వెంట్రుకలు తగ్గించేది) పోయినేడు చంకల్లో వెంట్రుకలు బాగా తగ్గాయి. తర్వాత ఇంట్లో పెళ్లి, ఎండలు, చెమటకాయలు అన్నీ వచ్చి పక్కన పెట్టేశాను. ఇప్పుడు ఒకవైపు పలచగా, ఇంకోవైపు గుబురుగా వస్తున్నాయి. నెలకోసారి చేస్తే చాలా, మొదటి నుంచి మళ్లీ చేయాలా? వెలుగు తీవ్రత పాత లెవల్‌లోనే పెట్టొచ్చా? బతుకమ్మకి పొట్టి చేతుల జాకెట్లు కుట్టించా, అందుకే తొందర.

పాలమూరు_పిల్ల:
మొదటి నుంచే అనుకోండి. గర్భంతో ఉన్నప్పుడు, పాలిచ్చేటప్పుడు వాడొద్దని డబ్బాలో పుస్తకంలోనే ఉంటుంది కాబట్టి నేనూ చాలాకాలం ఆపాను. ఆ వెలుగు పెరుగుతున్న దశలో ఉన్న వెంట్రుకల మీదే పనిచేస్తుంది. అప్పుడు నిద్రలో ఉన్న కుదుళ్లు తప్పించుకుని తర్వాత మొలుస్తాయి. మీకిప్పుడు వస్తున్న వాటిలో అవీ ఉంటాయి. నా మెషీన్‌కి మొదట్లో రెండు వారాలకోసారి. కొన్నిటికి వారానికోసారి అని ఉంటుంది, మీ పుస్తకం చూడండి.

దేవరకొండ_టీచర్:
పాత లెవల్ మాత్రం వద్దు చిన్నీ. ఆ వెలుగు నల్లరంగును వెతుక్కుంటూ పోతుంది, అది వెంట్రుకదా చర్మానిదా అని చూడదు. మన నల్గొండ ఎండలకి చేతులు నల్లబడతాయి, చంకలు రాపిడికి, రేజర్‌కి ఇంకా నల్లబడతాయి. మా చెల్లి మెషీన్ ముంజేతి మీద బాగానే కొట్టింది, చంకలో పెడితే ఉలుకూ పలుకూ లేదు. చెడిపోయిందని షాపుకి బయల్దేరింది! సెన్సర్ నలుపు ఎక్కువని ఆపేసింది, అంతే. అలాంటప్పుడు బలవంతంగా ప్రయత్నించొద్దు, చర్మం కాలి మచ్చలు పడతాయి. సెన్సర్ ఒప్పుకున్నా సరే, చంకలోనే ఒక మూల తక్కువ లెవల్‌తో కొట్టి, ఒకటి రెండు రోజులు ఆగి చూడండి. చెయ్యి బాగా పైకెత్తి చర్మం సాపుగా లాగకపోతే కూడా ఫ్లాష్ రాదు.

మిర్యాలగూడ_చిన్ని:
థ్యాంక్స్ అక్కా. ఇంకో టెన్షన్. పోయిన వారమే పార్లర్‌లో వ్యాక్స్ చేయించా. మొటిమలకి డాక్సీసైక్లిన్ కూడా వేసుకుంటున్నా. పర్లేదా?

వనపర్తి_మందులషాపు:
వ్యాక్స్ సంగతి తర్వాత, ముందు ఆ మాత్ర. డాక్సీసైక్లిన్ వేసుకునేటప్పుడు చర్మం వెలుతురును తట్టుకోలేదు. కోర్సు అయ్యాక ఎన్నాళ్లు ఆగాలో రాసిన డాక్టర్‌నే అడగండి. మొటిమలకే ఇచ్చే ఐసోట్రెటినాయిన్ అయితే ఆపాక కూడా నెలల తరబడి ఆగమంటారు.

పాలమూరు_పిల్ల:
వ్యాక్స్‌తో వెంట్రుక కుదురుతో సహా ఊడి వస్తుంది. ఇక ఆ వెలుగు దేనికి తగలాలి? మళ్లీ మొలిచాక రేజర్‌తో తీసి, డియోడరెంట్, పౌడర్ కడిగేసి, బాగా ఆరాక చేయండి. ఆ రోజు వేడినీళ్ల స్నానం, బిగుతు జాకెట్, డియోడరెంట్ వద్దు. నేను రాత్రి చేస్తా, పొద్దున చేసి బస్సులో నిలబడి చెమట పడితే ఆ మంట వేరే.

సూర్యాపేట_అత్త:
ఎంత చేసినా పూర్తిగా పోవమ్మా, తగ్గుతాయంతే. పీసీఓఎస్ (హార్మోన్ల సమస్య) ఉంటే ఇంకా తొందరగా తిరిగొస్తాయి. నా వయసుకి నెరిసినవి మొదలయ్యాయి, వాటికి అసలే పనిచేయదు. పదివేలకి పైన పెట్టేముందు ఇది ఎవరూ చెప్పరు.

మిర్యాలగూడ_చిన్ని:
సరే, కోర్సు అయ్యేదాకా మెషీన్ బీరువాలోనే. ఈ బతుకమ్మకి రేజరే.

దేవరకొండ_టీచర్:
రేజర్‌తో ఇబ్బంది లేదు. పండగ ముందు వ్యాక్స్‌కని పార్లర్‌కి మాత్రం వెళ్లకండి, మళ్లీ కుదుళ్లతో సహా ఊడిపోతాయి.