తబరీ చరిత్ర: కైరో ముద్రణ పేజీని ఇంగ్లీషు అనువాదంలో పట్టుకోవడం ఎలా?

ప్రవక్త మనవడు హుసేన్ చనిపోయిన కర్బలా యుద్ధం (క్రీ.శ. 680) మీద ఒక వ్యాసంలో ఆధారంగా "తబరీ, సంపుటం 5, పేజీ 455" అని ఉంది. (తబరీ అరబీలో పెద్ద చరిత్ర గ్రంథం రాసిన మధ్యయుగ చరిత్రకారుడు.) ఏ ముద్రణో రాయలేదు.

40 సంపుటాల ఇంగ్లీషు అనువాదంలో ఐదోది తీస్తే అన్నీ ఇస్లాంకు ముందటి సాసానీయులు, బైజాంటియం, యెమెన్ సంగతులే. కర్బలా 19వ సంపుటంలో, ఖలీఫా యజీద్ పాలన కింద దొరికింది. అందులో అంచుల్లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో వచ్చిన అరబీ మూలం ముద్రణ (1879–1901) పేజీ నంబర్లున్నాయి. కానీ లైడెన్‌ది మూడు వరుసల (సిరీస్‌ల) విభజన, యజీద్ కాలం రెండో వరుసలోకి వస్తుంది. కాబట్టి ఆ 5 అక్కడిది కాదు. కైరోలో అబుల్ ఫజ్ల్ ఇబ్రాహీం పరిష్కరించిన ముద్రణదై ఉండాలని నా అనుమానం.

పేర్లు పట్టుకుని వెతికినా తేలలేదు. తబరీ ఒకే సంఘటనకు తనకు ముందటి చరిత్రకారుడు అబూ మిఖ్‌నఫ్ చెప్పిందీ, ఇతరులు చెప్పిందీ పక్కపక్కనే పెడతాడు. చరిత్రకారుడిగా అది ఆయన గొప్పతనమే, నాకు మాత్రం ఇప్పుడు తలనొప్పి. ఆ పేజీలో ఉన్న కథనమే కావాలి. అరబీ కూడబలుక్కుని చదవగలను, అంతే.

కైరో ముద్రణ పేజీకి సరిపోయే లైడెన్ పేజీని ఎలా కనుక్కోవాలి?