గోధుమలు మానేస్తే బరువు తగ్గుతామా? గ్లూటెన్ మీద మీ అభిప్రాయం చెప్పండి

బెజవాడమ్మాయి:
మా జిమ్‌లో ట్రైనర్ అందరికీ ఒకటే చెప్తున్నారు. గ్లూటెన్ మానేయండి, పొట్ట అదే తగ్గుతుంది అని. అంటే గోధుమ పిండి, మైదా, బొంబాయి రవ్వ, సేమ్యా, బ్రెడ్డు, బిస్కెట్లు అన్నీ బంద్. నేను పొద్దున ఇడ్లీ లేదా ఉప్మా, మధ్యాహ్నం అన్నం, రాత్రి మూడు పుల్కాలు తింటాను. ఇప్పుడు పుల్కాలు తీసేసి రాత్రి కూడా అన్నమే తినాలా? గ్లూటెన్ ఫ్రీ పిండి ప్యాకెట్టు కొందామంటే మామూలు పిండికి మూడు రెట్లు ధర. మా ఆడపడుచు గోధుమ మానేసి బాగా సన్నబడింది, నేను కళ్లారా చూశాను. అందుకే కొట్టిపారేయలేకపోతున్నాను. ఊరికే "అంతా వ్యాపారం" అని వదిలేయకుండా కారణాలు చెప్పండి, ప్లీజ్.

మెదక్ జొన్నరొట్టె:
మానేయండి అక్కా, పని చేస్తుంది. నేను గోధుమ ముట్టక ఏడాది దాటింది. నడుము తగ్గింది, కడుపు ఉబ్బరం పోయింది, తిన్నాక నిద్ర ముంచుకు రావడం లేదు. రాత్రి జొన్న రొట్టె, ఆకుకూర పప్పు, అంతే. తాతల నాడు మా ఇంట్లో గోధుమ అంటే పండగకు పూరీలు చేసుకునే సరుకు. రోజూ తిండి జొన్నలు, మక్కలు, బియ్యం. షుగర్ వచ్చిన వాళ్లకు డాక్టర్లు చెప్తే చపాతీ మా ఇంట్లోకి వచ్చింది. ఒంటికి అలవాటు లేని గింజ పడదు. సైన్స్ పేపర్లు ఏమన్నా సరే, నా ఒళ్లు నాకు తెలుసు.

హనుమకొండ డైటీషియన్:
జొన్నరొట్టె గారూ, మీరు తగ్గారన్న మాటను నేను కాదనను. అది గ్లూటెన్ పోవడం వల్లే అని ఎలా తేల్చారన్నదే నా ప్రశ్న. గ్లూటెన్ అంటే గోధుమ, బార్లీ, రై గింజల్లో ఉండే ప్రొటీన్. మీరు గోధుమ మానేసిన రోజే టీలో బిస్కెట్లు, సాయంత్రం పఫ్, సమోసా, పరోటా, నూడుల్స్, పుట్టినరోజు కేకు కూడా మానేశారు కదా. వాటిలో గ్లూటెన్‌తో పాటు నూనె, చక్కెర, వనస్పతి బోలెడు. ఏది పోవడం వల్ల తగ్గారు?

ఈ విషయంలో నాకు బాగా నచ్చిన ప్రయోగం ఒకటి ఉంది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో కెవిన్ హాల్ బృందం చేసింది, 2019లో వచ్చింది. 20 మందిని అక్కడే ఉంచి, రెండు వారాలు ఫ్యాక్టరీలో బాగా ప్రాసెస్ చేసిన తిండి, రెండు వారాలు ప్రాసెస్ చేయని తిండి పెట్టారు. వాళ్ల ముందు వడ్డించిన దాంట్లో కేలరీలు, చక్కెర, కొవ్వు, పీచు రెండిట్లోనూ సమానం. తినగలిగినంత తినండి అన్నారు. ఫ్యాక్టరీ తిండి పెట్టినప్పుడు వాళ్లంతట వాళ్లే రోజుకు దాదాపు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు, సుమారు కిలో పెరిగారు. రెండో తిండితో దాదాపు అంతే తగ్గారు. గోధుమ మానేసిన వాళ్లలో చాలామంది తమకు తెలియకుండానే ఈ రెండో తిండికి మారుతున్నారు.

మొదటి వారంలో తూకం గబుక్కున తగ్గడానికి ఇంకో కారణం కూడా ఉంది. పిండి పదార్థం తగ్గిస్తే ఒంట్లో నిల్వగా దాచుకున్న పిండి పదార్థం, అంటే గ్లైకోజెన్, ఖర్చవుతుంది. గ్రాము గ్లైకోజెన్‌తో సుమారు మూడు గ్రాముల నీళ్లు ఉంటాయి, అవీ పోతాయి. అది కొవ్వు కరగడం కాదు.

ఏలూరు లెక్కల మాస్టారు:
నాదొక ప్రశ్న. గ్లూటెన్ వల్లే లావెక్కుతారంటే బియ్యం తినే రాష్ట్రాలు సన్నగా ఉండాలి కదా? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. అధిక బరువు ఉన్న మహిళలు పంజాబ్‌లో 40.8 శాతం, తమిళనాడులో 40.4 శాతం. ఒకచోట రొట్టె, ఒకచోట అన్నం. మన ఆంధ్రాలో 36.3, తెలంగాణలో 30.1. గోధుమ రొట్టెలు తినే ఉత్తరప్రదేశ్‌లో మాత్రం 21.3.

ఇంకో మాట. అరిసెలు, పూతరేకులు, జంతికలు, మిర్చి బజ్జీలు, గారెలు, మటన్ బిర్యానీ. వీటిలో దేనికీ గోధుమ పిండి అక్కర్లేదు. గ్లూటెన్ లేదు కదా అని ఇవన్నీ తింటే సన్నబడతారా?

మెదక్ జొన్నరొట్టె:
మాస్టారూ, యూపీలో పేదరికం ఎక్కువ, పొలం పని ఎక్కువ. ఆ లెక్క ఇక్కడ పెట్టడం సరికాదు. అరిసెలు తినమని నేను అనలేదు. నా ఉబ్బరం పోయింది, దానికి జవాబు చెప్పండి.

హనుమకొండ డైటీషియన్:
పేదరికం, శ్రమ గురించి మీరన్నది నిజమే. నేను చెప్పేదీ అదే. ఒక గింజ పేరుతో బరువును తేల్చలేం.

ఉబ్బరానికి వస్తాను. గోధుమలో గ్లూటెన్ ఒక్కటే లేదు, ఫ్రక్టాన్ అనే పిండి పదార్థం కూడా ఉంది. ఉల్లి, వెల్లుల్లిలోనూ ఉంటుంది. అది చిన్నపేగులో అరగదు, పెద్దపేగులో బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి గ్యాస్ తయారు చేస్తుంది. సీలియాక్ (గ్లూటెన్ వల్ల పేగు దెబ్బతినే జబ్బు) లేకుండా గ్లూటెన్ పడదనుకునే 59 మందికి, ఏది పెడుతున్నామో చెప్పకుండా, గ్లూటెన్, ఫ్రక్టాన్ విడివిడిగా ఇచ్చి నార్వేలో చూశారు. ఇబ్బంది ఎక్కువగా ఫ్రక్టాన్ తోనే వచ్చింది. ఉబ్బరం తగ్గితే ప్యాంటు వదులవుతుంది, అది నిజం. కానీ కొవ్వు తగ్గిందని కాదు.

డల్లాస్ అమ్మ:
ఈ చర్చ చదువుతుంటే ఆగలేక రాస్తున్నాను. మా పాపకు సీలియాక్ ఉంది. ఎదుగుదల ఆగిపోయి, రక్తం తక్కువై, ఎన్నాళ్లో తిరిగాక తేలింది. ఆ జబ్బులో గ్లూటెన్ తగిలితే ఒంట్లోని రక్షణ వ్యవస్థే చిన్నపేగు పొరను దెబ్బతీస్తుంది, తిన్నది ఒంటికి పట్టదు. గ్లూటెన్ మానేశాక మా పాప బరువు పెరిగింది. పేగు బాగుపడితే జరిగేది అదే. చాలామంది పెద్దవాళ్లు కూడా మానేశాక పెరుగుతారు. అదే తిండిని సన్నబడే మంత్రంలా అమ్ముతుంటే నాకు కోపం వస్తుంది.

ఇక్కడ గ్లూటెన్ ఫ్రీ కుకీలు, బ్రెడ్డు అరల నిండా ఉంటాయి. వెనక వైపు చదవండి. మొక్కజొన్న స్టార్చ్, బంగాళదుంప స్టార్చ్, కర్రపెండలం స్టార్చ్, చక్కెర, నూనె. పీచు తక్కువ. మా పాపకు తప్పదు కాబట్టి కొంటాం. మాకు ఇంగువ డబ్బా కూడా గండమే, చాలా కంపెనీలు అందులో గోధుమ పిండి కలుపుతాయి. ఫ్యాషన్ కోసం మానేసిన వాళ్లు ఓ రోజు మానేసి ఓ రోజు తింటుంటే, హోటల్ వాళ్లు మేము అడిగినా తేలిగ్గా తీసుకుంటున్నారు. ఒక్క ముక్క పడినా మా పాపకు దెబ్బే.

బెజవాడమ్మాయి:
పాప జాగ్రత్త అండి. డైటీషియన్ గారూ, మరి నా రాత్రి పుల్కాల సంగతి?

హనుమకొండ డైటీషియన్:
పుల్కాలు తీసి అన్నం పెట్టొద్దు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం 100 గ్రాముల గోధుమ పిండిలో సుమారు 320 కేలరీలు, 11 గ్రాముల పీచు. పాలిష్ బియ్యంలో 356 కేలరీలు, పీచు మూడు గ్రాములలోపే. జొన్నలు 334, పీచు పది గ్రాములు. అంటే జొన్న, గోధుమ దాదాపు ఒకటే, మధ్యలో నష్టం తెచ్చేది తెల్ల బియ్యం.

మీ అసలు సమస్య మధ్యాహ్నం కంచంలో ఉందని నా అనుమానం. అదే సంస్థ 2024 మార్గదర్శకాల్లో ధాన్యాల నుంచి వచ్చే శక్తి 45 శాతం దగ్గర ఆపమంది. మన ఇళ్లలో అన్నం, టిఫిన్లు కలిపితే అంతకంటే బాగా ఎక్కువ. అన్నం సగానికి తగ్గించి, పప్పు, కూర, గుడ్డో పెరుగో పెంచండి. పుల్కాలు రెండు చాలు. ఖరీదైన ప్యాకెట్టు అస్సలు కొనొద్దు. మన దేశంలో గ్లూటెన్ ఫ్రీ అని రాయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండకూడదు. ఆ ముద్ర చెప్పేది అంతే, కేలరీల గురించి కాదు.

మెదక్ జొన్నరొట్టె:
పీచు సమానమైనా నాకు జొన్న రొట్టె ఒక్కటి తింటే కడుపు నిండుతుంది, పుల్కాలు నాలుగు తిన్నా నిండదు. నేను మారను.

హనుమకొండ డైటీషియన్:
మారమని ఎవరన్నారు? జొన్న రొట్టె హాయిగా తినండి. అందరినీ గ్లూటెన్ మానమనొద్దు, అంతే నా గొడవ. బెజవాడమ్మాయి గారూ, ఒకటి అడగాలి. మీకు రక్తహీనత, తరచూ విరేచనాలు, ఇంట్లో ఎవరికైనా సీలియాక్ ఉన్నాయా?

బెజవాడమ్మాయి:
సీలియాక్ అని ఎవరికీ తెలియదు. కానీ నాకు హిమోగ్లోబిన్ ఎప్పుడూ తక్కువే. ఐరన్ మాత్రలు వేసుకున్నా పెరగదు. సీలియాక్ లావుగా ఉన్నవాళ్లకు రాదు కదా?

హనుమకొండ డైటీషియన్:
లావుగా ఉన్నవాళ్లకూ రావచ్చు. మన దక్షిణాదిలో అరుదే. 2016లో వచ్చిన సర్వేలో ఉత్తరాదిన నూటికి ఒకరికి పైగా తేలితే, దక్షిణాదిన వెయ్యికి ఒకరు. మీకు నెలసరి వల్ల, తిండి వల్ల రక్తం తగ్గే అవకాశమే ఎక్కువ. అయినా మాత్రలకు కూడా పెరగడం లేదంటున్నారు కాబట్టి డాక్టర్‌ను కలిసి టీటీజీ ఐజీఏ రక్త పరీక్ష (సీలియాక్‌లో రక్తంలో తయారయ్యే యాంటీబాడీలను చూసేది) గురించి అడగండి.

డల్లాస్ అమ్మ:
అది అయ్యేదాకా గోధుమ మానకండి అమ్మా. ముందే మానేస్తే రక్తంలో ఆ యాంటీబాడీలు తగ్గిపోయి, జబ్బు ఉన్నా లేదని రిపోర్టు రావచ్చు. తేలాలంటే మళ్లీ వారాల తరబడి గోధుమ తినిపించాల్సి వస్తుంది.

బెజవాడమ్మాయి:
సోమవారం డాక్టర్ దగ్గరకు వెళ్తాను. అప్పటిదాకా రాత్రి రెండు పుల్కాలు, మధ్యాహ్నం అన్నం సగం. ట్రైనర్‌కు కూడా ఈ పరీక్ష సంగతి చెప్తాను, మా బ్యాచ్‌లో ఇద్దరు ఇప్పటికే గోధుమ మానేశారు.