బతికున్న పశువుల ఎగుమతి ఆపితే ఆస్ట్రేలియా కబేళాల్లో ఉద్యోగాలు నిలుస్తాయా?

పచ్చికబయలు:
2028 మే 1 నుంచి బతికున్న గొర్రెలను ఓడల్లో ఎగుమతి చేయకూడదని ఆస్ట్రేలియా 2024లో చట్టం చేసింది. ఆవులను మాత్రం వదిలేసింది. అక్కడి మాంసం కార్మికుల సంఘం మాట పాతదే: ఓడెక్కే ప్రతి పశువుతోపాటు కబేళాలో పనీ ఓడెక్కుతుంది. నా ఓటు దానికే. 2014లో కరువు తాకిడికి దాదాపు 92 లక్షల ఆవులు, ఎద్దులను కోశారు, 2016కి అది 73 లక్షలకు పడిపోయింది. ఆ మూడేళ్లూ ఏటా పది లక్షలకు పైగా పశువులు ఓడెక్కుతూనే ఉన్నాయి. అవి ఆ దేశంలోనే ఉంటే కబేళాల్లో షిఫ్టులు ఎందుకు ఎత్తేస్తారు?

లెక్కలమాస్టారు:
మీరు చెప్పిన అంకెలు సరే, కానీ కబేళాకు వెళ్లేవీ ఓడెక్కేవీ ఒకే రకం పశువులు కావు. ఉత్తర ఆస్ట్రేలియా రేవు డార్విన్‌లో ఓడెక్కేవాటిలో ఎక్కువ భాగం 350 కిలోలు మించని బక్క కోడెలు. ఇండోనేషియా వాళ్లు కొని, మూడు నాలుగు నెలలు మేపి, అప్పుడు కోస్తారు.

320 కిలోల కోడెను కోస్తే 52 శాతం చొప్పున 166 కిలోల కళేబరం వస్తుంది. 580 కిలోల ఎద్దుకు 300 కిలోలు. పడగొట్టడానికి, తోలు వలవడానికి, పేగులు తీయడానికి, తనిఖీకి రెండింటికీ దాదాపు అంతే మంది కావాలి. అంటే చిన్న పశువుకు కిలో మీద పడే కూలి ఇంచుమించు 1.8 రెట్లు. పోనీ దక్షిణానికి తోలదామా అంటే డార్విన్ నుంచి బ్రిస్బేన్ 3,400 కిలోమీటర్లు. దారిలో బరువు కరుగుతుంది, పిడుదులున్న ప్రాంతం నుంచి అవి లేని ప్రాంతంలోకి దాటాల్సి వస్తే తనిఖీ, మందు కూడా.

డార్విన్ పక్కన లివింగ్‌స్టన్‌లో 2014లో పెద్ద కబేళా తెరిచారు. నాలుగేళ్లు తిరక్కుండానే, 2018లో మూసేశారు. అక్కడ వానాకాలం నాలుగైదు నెలలు రోడ్లు మునిగి మందలు కదలవు. కరెంటు, శీతల గదులు, జీతాల ఖర్చు మాత్రం ఆగదు.

కత్తిపదును:
మాస్టారూ, అసలు ఉద్యోగం పోయే తీరు చెప్పలేదు. కరువులో గడ్డి లేక ఆవులనూ పెయ్యలనూ అమ్మేస్తారు. కోతకొచ్చిన వాటిలో ఆడవి 47 శాతం దాటాయంటే మంద తరుగుతోందని లెక్క. 2019లో అది 55 దాటింది. ఆ ఏడాది కబేళాలకు చేతినిండా పని. వానలు పడగానే రైతు పెయ్యల్ని ఈతకు ఆపుకుంటాడు, 2021లో కోత 60 లక్షల దగ్గరికి జారింది. కాబట్టి గండం కరువులో కాదు, కరువు తీరాక వస్తుంది. దీన్ని ఓడల మీదికి నెట్టేస్తే ఎలా?

పశువులు తగ్గితే వరస ఇది: మొదట శనివారం పని, ఓవర్‌టైమ్ పోతాయి. తర్వాత ఏజెన్సీ కూలీలు. తర్వాత రెండో షిఫ్టు. ఆపైన వారానికి నాలుగు రోజులే పని. ఈ రంగంలో 'రోజువారీ నియామకం' అని ఒక పద్ధతుంది. 10 శాతం అదనపు కూలి ఇస్తారు, ప్రతిఫలంగా ఒక్కరోజు నోటీసుతో పని ఆపేయొచ్చు. గట్టిగా పట్టుకోవాల్సింది ఈ మెలికనే. వారానికి కనీస పనిగంటల హామీ రాయించుకోకుండా ఎగుమతి ఆపమంటే ఆపినా ఫలితం యజమానికే.

ఇంకొకటి, నీళ్లు. టన్ను కళేబరానికి 8–9 వేల లీటర్లు కావాలి. కత్తులు ముంచే నీళ్లు 82 డిగ్రీల వేడి తగ్గకూడదు. పట్టణంలో నీటి ఆంక్షలు పెడితే గొడ్లున్నా లైను నెమ్మదించాల్సిందే.

పన్నులచిట్టా:
ఒప్పందాల సంగతీ చూడండి. జపాన్ 2015కు ముందు గొడ్డుమాంసం మీద 38.5 శాతం సుంకం వేసేది, ఇప్పుడది 2033కి 9 శాతానికి దిగే దారిలో ఉంది. కొరియా 40 నుంచి 2028కి సున్నా. ఈ తగ్గింపులన్నీ పెట్టెల్లో వెళ్లే మాంసానికి, అంటే కబేళా కార్మికుడికి మేలే.

ఇండోనేషియా ఒప్పందం అలా కాదు. 2020 జూలైలో అమల్లోకి వచ్చింది, మొదటి ఏడాదే 5,75,000 మగ పశువులకు సున్నా సుంకం, ఏటా 4 శాతం పెంపు. మేపే పనీ కోసే పనీ తమ దేశంలోనే ఉండాలని వాళ్ల పట్టు. పైగా 2016 నుంచి భారత్ నుంచి ఎముకల్లేని గేదెమాంసం అక్కడి మార్కెట్లో చవగ్గా దిగుతోంది. ఓడలు ఆపితే ఆస్ట్రేలియా మాంసమే కొంటారనుకోవడం భ్రమ.

సుంకం ఒక్కటే తలుపు కాదు కూడా. 2020 మేలో చైనా నాలుగు ఆస్ట్రేలియా కబేళాల అనుమతి ఆపేసింది. ఆ రెండు దేశాల మధ్య వాణిజ్య ఒప్పందం మాత్రం అప్పుడూ అమల్లోనే ఉంది.

పచ్చికబయలు:
ఆవుల విషయంలో కొంత తగ్గుతున్నాను. గొర్రెల సంగతో? పడమటి ఆస్ట్రేలియాలో కబేళాలున్నాయిగా, కటానింగ్‌లోనే పెద్దది ఉంది.

లెక్కలమాస్టారు:
గొర్రెల్లో మీ వాదనకు బలముంది. ఈ శతాబ్దం మొదట్లో ఏటా 50 లక్షలకు పైగా ఓడెక్కేవి, 2022–23కి అది దాదాపు 6.5 లక్షలు. ఆ మిగిలినవి కబేళాలు పట్టనంత ఏమీ కాదు, కాలం కలిసొస్తే. చిక్కు ఏమిటంటే ఓడకు వెళ్లేవి ముఖ్యంగా విత్తులు కొట్టిన, ఉన్ని జాతి (మెరినో) ముదురు పొట్టేళ్లు, కబేళాలు కోరేది లేత గొర్రెపిల్లలను. పైగా మేత ఎండినప్పుడు అందరూ ఒకే నెలలో తోలుకొస్తారు. 2023 చివర్లో వారాల తరబడి ఖాళీ దొరక్క ముదురు గొర్రెల ధర కూలిపోయింది. అలాంటి నెలల్లో ఓడే రైతుకు రెండో గేటు.

కత్తిపదును:
అందుకే గడువు కావాలి. 2011 జూన్‌లో ఇండోనేషియాకు రాత్రికి రాత్రి ఎగుమతి ఆపారు, నెల తిరక్కుండా తెరిచారు. ఆ ఉత్తర్వు చెల్లదని 2020లో ఫెడరల్ కోర్టు తేల్చింది. ఒక్క కబేళా ఉద్యోగమూ పెరగలేదు, ప్రభుత్వం మీద నష్టపరిహారం మాత్రం పడింది.

ఈసారి గొర్రెల ఎగుమతి ఆపే మార్పు కోసం ప్రభుత్వం పెట్టిన 139.7 మిలియన్ ఆస్ట్రేలియా డాలర్లలో కబేళాలకు వెళ్లే వాటాకు షరతులు పెట్టాలి: డబ్బు తీసుకున్న కబేళా వారానికి కనీస పనిగంటలు రాసివ్వాలి, రైతుతో ఆరు నెలల ముందే నెలవారీ సంఖ్య, బరువు ఖాయం చేసుకోవాలి, ఏటేటా చేసే మరమ్మతులు గొర్రెలు తక్కువగా వచ్చే నెలల్లోనే పెట్టుకోవాలి. శీతల గది పెంచకుండా కోత లైను మాత్రం పెంచితే రెండో రోజుకే కళేబరాలు వేలాడదీసే చోటుండదు. డబ్బిచ్చేవాళ్లు ముందు చూడాల్సింది అదీ.

పచ్చికబయలు:
కనీస గంటలంటే వారానికి ఎన్ని? 30కి తక్కువైతే ఇల్లు గడవదు.

కత్తిపదును:
పూర్తికాలం 38 గంటలు. 30కి ఒప్పించినా నయమే, రోజువారీ నియామకంలో ఇప్పుడున్న హామీ సున్నా కదా.