అప్‌డేట్: హ్యాండిల్ తిప్పితే ఇంజన్ ఆగిపోయే సమస్య తీరింది

నా బైక్ హ్యాండిల్‌ను ఎడమవైపు పూర్తిగా తిప్పినప్పుడల్లా హెడ్‌లైట్ మసకబారి, ఒక్కోసారి ఇంజన్ కూడా ఆగిపోతోందని, బ్యాటరీ మార్చినా ఫలితం లేదని గతంలో అడిగాను. ఎర్త్ కనెక్షన్‌ను (బ్యాటరీ నెగటివ్‌ను బండి ఫ్రేముకు కలిపే వైరును), హ్యాండిల్ మెడ దగ్గర వంగే వైర్లను చూడమన్న మీ సలహాయే సరైనదని తేలింది.

ఇంజన్ ఆపి కొలిస్తే పాత బ్యాటరీ కూడా 12.6 వోల్టులు చూపింది. కొత్తది అనవసరంగా కొన్నానన్నమాట. అయితే హెడ్‌లైట్ వెలుగుతుండగా మల్టీమీటర్ (వోల్టేజీ కొలిచే పరికరం) ఒక కొనను బ్యాటరీ నెగటివ్ టెర్మినల్‌కు, రెండోదాన్ని ఫ్రేముకు ఆనించినప్పుడు, సున్నాకు దగ్గరగా ఉండవలసిన రీడింగు 0.9 వోల్టులు వచ్చింది. ఎర్త్ బోల్టు విప్పి, రింగు కింద పేరుకున్న తుప్పును గరుకు కాగితంతో లోహం మెరిసే దాకా రుద్ది బిగించాక అది 0.05కు దిగింది. లైటు కాంతి పెరిగింది గానీ ఇంజన్ ఆగడం మాత్రం మానలేదు.

అసలు దొంగ ఇగ్నిషన్ స్విచ్ (తాళంచెవి పెట్టే స్విచ్) నుంచి వచ్చి, హ్యాండిల్ మెడ దగ్గర వంగే వైరు. పైతొడుగు చెక్కుచెదరకపోయినా లోపలి రాగి పోగులు చాలావరకు తెగిపోయి ఉన్నాయి. బ్యాటరీ నెగటివ్ వైరు తీసేసి, దెబ్బతిన్న ముక్కను కత్తిరించి, అంతే మందం గల వైరును సోల్డర్ చేసి, పైన హీట్ ష్రింక్ గొట్టం (వేడి చేస్తే ముడుచుకుని బిగిసే ప్లాస్టిక్ తొడుగు) తొడిగాను. సోల్డర్ చేసిన చోట వైరు బిరుసెక్కి, వంగితే దాని అంచునే విరుగుతుంది కాబట్టి అతుకులను కదలిక లేని చోటికి జరిపాను. రెండు వారాలుగా ఇంజన్ ఒక్కసారి కూడా ఆగలేదు.